జాన్ వేన్ ‘ది అలమో’ పూర్తి నిడివి డిస్క్: ఎందుకింత ఆలస్యం, ఈలోగా ఏం చేయాలి?

మీరు అడిగినవాటిలో ముఖ్యమైనవి మూడు. హాలీవుడ్ కౌబాయ్ హీరో జాన్ వేన్ తీసిన ‘ది అలమో’ (1960) అసలు నిడివి 202 నిమిషాలు కదా, ఆ రూపం మంచి డిస్క్‌గా రావడానికి దశాబ్దాల తరబడి ఎందుకు ఎదురుచూడాల్సి వచ్చింది? అసలు అది సాధ్యమేనా? ఈలోగా దొరికే పొట్టి వెర్షన్ కొనాలా, ఆగాలా? నేను చాలా ఏళ్లు ఫిల్మ్ ల్యాబ్‌లో, ఆ తర్వాత స్కానింగ్ విభాగంలో పనిచేశాను. ఈ సినిమా విషయంలో మీకున్న ఆరాటం నాకూ ఉంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

డిస్క్ తయారీ ఇందులో చివరి, చిన్న పని. అసలు చిక్కంతా ఫిల్మ్ దగ్గరే ఉంది. ఈ సినిమా ఏ ఫిల్మ్ మీద మిగిలింది, ఆ ఫిల్మ్ ఏ స్థితిలో ఉంది అన్నది తెలిస్తే మిగతా ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే.

వేన్ ఈ సినిమాకి నిర్మాత, దర్శకుడు, డేవీ క్రాకెట్ పాత్రధారి కూడా. రిచర్డ్ విడ్‌మార్క్ జిమ్ బౌవీగా, లారెన్స్ హార్వే ట్రావిస్‌గా వేశారు. 1836లో శాన్ ఆంటోనియోలో మెక్సికో సేనాని శాంటా అన్నా సైన్యం అలమో మిషన్‌ను ముట్టడించి, చివరికి లోపలున్నవాళ్లను మట్టుబెట్టిన కథ ఇది. షూటింగ్ కోసం టెక్సస్‌లోని బ్రాకెట్‌విల్ దగ్గర ఒక రాంచ్‌లో ఆ కోటనీ, పక్కనున్న ఊరినీ మట్టి ఇటుకలతో కట్టించారు. వేన్ తన సొంత డబ్బు కూడా పెట్టాడు. విలియం క్లోథియర్ కెమెరా, డిమిట్రీ టియోమ్‌కిన్ సంగీతం. ఏడు ఆస్కార్ నామినేషన్లు వస్తే, గెలిచింది శబ్దగ్రహణానికి ఒక్కటే. ఆ శబ్దం సంగతి గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని ఉంది.

క్లోథియర్ దీన్ని టాడ్-ఏఓ పద్ధతిలో తీశాడు. అంటే మామూలు 35 ఎంఎం బదులు 65 ఎంఎం వెడల్పున్న నెగటివ్. ఒక్కో ఫ్రేముకి, ఫిల్మ్ అంచునుండే రంధ్రాల లెక్కలో, ఐదు రంధ్రాల ఎత్తు. 35 ఎంఎం సినిమాస్కోప్ ఫ్రేముతో పోలిస్తే వైశాల్యం దాదాపు మూడు రెట్లు. థియేటర్‌కి వెళ్లే ప్రింట్ 70 ఎంఎం. పెరిగిన ఆ ఐదు మిల్లీమీటర్లు సౌండ్ కోసం. ఫిల్మ్ మీదే మాగ్నెటిక్ పట్టీలు పూసి, వాటిలో ఆరు ట్రాకులు రికార్డు చేసేవారు. వేలమంది సైనికులు మైదానమంతా పరుచుకుని కోట వైపు నడిచివచ్చే షాట్‌లో వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా విడివిడిగా కనిపించడానికి కారణం ఆ పెద్ద నెగటివ్. ఇది టీవీలో చూసినవాళ్లు “ఇంతేనా” అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. వాళ్లు చూసినదాంట్లో ఆ వెనక వరసలు లేవు.

1960 అక్టోబర్‌లో శాన్ ఆంటోనియోలో ప్రీమియర్ జరిగింది. మొదట రోడ్‌షో పద్ధతిలో ఆడింది. ముందే సీటు బుక్ చేసుకోవాలి, మొదట్లో తెర మీద బొమ్మ రాకముందే సంగీతం మోగుతుంది, మధ్యలో ఇంటర్వెల్, చివర్లో జనం బయటికి వెళ్తుంటే మళ్లీ సంగీతం. ఇంటర్వెల్ మనకు ప్రతి సినిమాకీ ఉండేదే గానీ, అమెరికాలో అది పెద్ద సినిమాలకే దక్కే మర్యాద. ఇవన్నీ కలిపితే 202 నిమిషాలు. రోడ్‌షో అయ్యాక మామూలు థియేటర్లకి పంపేటప్పుడు పంపిణీదారైన యునైటెడ్ ఆర్టిస్ట్స్ దాన్ని 167 నిమిషాలకు కుదించింది. పోయినవి ఎక్కువగా యుద్ధం మొదలుకాకముందు మనుషులు ఒకరితో ఒకరు గడిపే ఘట్టాలు. నా దృష్టిలో సినిమాకి అవి ప్రాణం. అవి లేకపోతే చివరి ముట్టడిలో చచ్చిపోయేది ఎవరో మనకు సరిగ్గా తెలియదు.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందంటే, ఆ కోత కేవలం ప్రింట్లలో ఆగలేదు. 65 ఎంఎం నెగటివ్‌నే పొట్టి నిడివికి కోసేశారు. తీసేసిన ముక్కలు భద్రంగా నిలవలేదు. ఆ రోజుల్లో ఇది మామూలే. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో వాటి కోసం వెతుకుతారని ఎవరూ అనుకోలేదు. అంచేత పూర్తి సినిమా ఇక లేదనే చాలాకాలం అందరూ నమ్మారు.

తర్వాత కెనడాలో ఒక అభిమానికి, తాను 1970లలో చూసింది పూర్తి నిడివి సినిమానే అని గుర్తొచ్చింది. ఆ జాడ పట్టుకుని వెతికితే టొరంటోలో 70 ఎంఎం రోడ్‌షో ప్రింట్ ఒకటి బయటపడింది. అదీ చక్కటి స్థితిలో. అప్పటికి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సినిమాలు ఎంజీఎం చేతిలో ఉన్నాయి. వాళ్లు ఆ ప్రింట్ నుంచి వీడియో మాస్టర్ (కాపీలన్నిటికీ మూలమైన రికార్డింగ్) చేసి 1990ల తొలినాళ్లలో వీహెచ్‌ఎస్, లేజర్‌డిస్క్ (డీవీడీకి ముందు వచ్చిన పెద్ద వీడియో డిస్క్) విడుదల చేశారు. మీరు “పూర్తి వెర్షన్ చూశాను, కానీ మసకగా ఉంది” అని రాసింది ఆ మాస్టర్ గురించే. అది మామూలు టీవీ నాణ్యత కోసం చేసినది. దాన్ని ఎంత సాగదీసినా 4కె, అంటే అడ్డంగా దాదాపు నాలుగు వేల చుక్కలుండే స్పష్టమైన బొమ్మ, కాదు.

ఆ పని అయ్యాక ఆ ప్రింట్‌ని విడదీశారు, దాచిన చోట అది పాడవుతూ వచ్చింది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’, ‘స్పార్టకస్’, ‘వెర్టిగో’ లాంటి వాటిని నిలబెట్టిన రాబర్ట్ ఎ. హారిస్ పర్యవేక్షణలో రిస్టోరేషన్ (పాడైన ఫిల్మ్‌ని బాగుచేసే పని) చేయాలన్న ఆలోచన జరిగింది, ముందుకు సాగలేదు. 2014లో ఇంటర్నెట్‌లో అభిమానులు పెద్ద ప్రచారమే చేశారు, ఉన్న ఫిల్మ్ పూర్తిగా చేజారిపోకముందే కాపాడమని. మీలాంటివాళ్లు ఎదురుచూస్తున్నది అప్పటి నుంచే కాదు, లేజర్‌డిస్క్ వచ్చిన రోజు నుంచి.

ఇప్పుడు ల్యాబ్ వైపు నుంచి చెప్తాను. మాగ్నెటిక్ పట్టీలున్న పాత ఎసిటేట్ ప్రింట్ డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంటుంది. వెనిగర్ సిండ్రోమ్ అంటాం. ఎసిటేట్ బేస్ విరిగిపోతూ అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లమే మళ్లీ మిగతా ఫిల్మ్‌ని వేగంగా తినేస్తుంది. పట్టీల్లోని ఐరన్ ఆక్సైడ్ దీన్ని ఇంకా ఎగదోస్తుంది. అంటే అంత గొప్ప ఆరు ట్రాకుల శబ్దాన్ని ఇచ్చిన పట్టీయే ఆ ప్రింట్ ఆయుష్షుని తగ్గిస్తుంది. ఫిల్మ్ ముడుచుకుంటుంది, అంచులు అలలు తిరుగుతాయి, పెళుసు బారుతుంది. ఆ దశలో మెషీన్‌కి ఎక్కించాలంటే చేతులు వణుకుతాయి. దానికితోడు రంగులు. అప్పటి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో రంగు పొరలన్నీ ఒకే వేగంతో వెలసిపోవు. ముందు నీలాలు, పచ్చలు పోతాయి, చివరికి బొమ్మంతా గులాబీ ఎరుపులో మిగులుతుంది. మన దగ్గర పాత 70 ఎంఎం, సినిమాస్కోప్ ప్రింట్లు చూసినవాళ్లకు ఆ ఎరుపు బాగా తెలుసు. నెగటివ్‌లో మరో రకం తెగులు, ఎక్కువగా పసుపు పొర బలహీనపడుతుంది. దానివల్ల నీడల్లో నీలం పొగ కమ్మినట్టు, ముఖాలు కుదురుగా లేనట్టు కనిపిస్తాయి.

మీరు రెండోది అడిగారు, సాధ్యమేనా అని. 167 నిమిషాల సినిమా సాధ్యమే, దానికి 65 ఎంఎం నెగటివ్ ఉంది. రంగు పొర బలహీనపడినా డిజిటల్‌గా చాలావరకు తిరిగి నిలబెట్టవచ్చు. ‘ది సెర్చర్స్’ (1956) కూడా ఆ కాలపు ఈస్ట్‌మన్ కలరే, విస్టావిజన్‌లో (35 ఎంఎం ఫిల్మ్‌ని అడ్డంగా నడిపి పెద్ద ఫ్రేము తీసే పద్ధతి) తీసింది. వార్నర్ ఆర్కైవ్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి చేసిన రిస్టోరేషన్ 2024 చివర్లో 4కె డిస్క్‌గా వచ్చింది. ఎడారి ఎరుపు, ఆకాశం నీలం రెండూ ఒకే ఫ్రేములో నిలబడ్డాయి. ఆ పనితనం ఇక్కడా చేయవచ్చు.

202 నిమిషాలది వేరే కథ. మిగిలిన అరగంటకు పైచిలుకు భాగానికి నెగటివ్ లేదు కాబట్టి ప్రింటే ఆధారం. నెగటివ్‌లో ఉన్నంత వివరం ప్రింట్‌లో ఉండదు. ప్రింట్ తెర మీద వేయడానికి చేసినది, దాని కాంట్రాస్ట్ ఎక్కువ. నీడలు నల్లగా మూసుకుపోతాయి, వెలుగు తెల్లగా పగిలిపోతుంది. రంగు పోయిన ప్రింట్ ముక్కని, మంచి నెగటివ్ ముక్క పక్కన పెట్టి, ప్రేక్షకుడు ఉలిక్కిపడకుండా కలపాలి. ఒక డైలాగ్ మధ్యలో మారితే మరీ కష్టం. ఇది చేయలేనిదేం కాదు. ‘ఇట్స్ ఎ మ్యాడ్, మ్యాడ్, మ్యాడ్, మ్యాడ్ వరల్డ్’ (1963) కూడా యునైటెడ్ ఆర్టిస్ట్స్ సినిమా, అదీ 65 ఎంఎం, అదీ విడుదలయ్యాక కోతపడింది. హారిస్ వెలసిపోయిన 70 ఎంఎం ముక్కలు కూడగట్టి, శబ్దం ఉండి బొమ్మ లేనిచోట స్టిల్స్ పెట్టి, బొమ్మ ఉండి శబ్దం లేనిచోట సబ్‌టైటిల్స్ వేసి 197 నిమిషాల రూపం తయారుచేశారు. 2014లో క్రైటీరియన్ అనే డిస్క్ కంపెనీ దాన్ని డిస్క్‌గా తెచ్చింది. అతుకులు కనిపిస్తాయి. ఫరవాలేదు. సినిమా మొత్తం కనిపిస్తుంది కదా, నాకు అది ముఖ్యం.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెప్పాలి. అభిమానులం సాధారణంగా “రిస్టోర్ చేయండి, డిస్క్ తీసుకురండి” అని అడుగుతాం. స్టూడియోలో లెక్కలు చూసేవాళ్లు వెంటనే మొత్తం ఖర్చు వేసుకుంటారు. 65 ఎంఎం స్కాన్ చేయగల సౌకర్యం ప్రపంచంలో కొన్ని చోట్లే ఉంది. ఆ తర్వాత దుమ్ము, గీతలు తీయడం, రంగులు, శబ్దం, మాస్టరింగ్. డిస్కులు కొనేవాళ్లు ఏటా తగ్గుతున్నారు. ఈ లెక్క తేలదు, ఫైలు పక్కకు పోతుంది. మనం అడగాల్సింది ముందు స్కాన్. నెగటివ్‌నీ, ప్రింట్‌లో ఇంకా మిగిలినదాన్నీ, మాగ్నెటిక్ ట్రాకులనీ ఉన్నది ఉన్నట్టు అత్యధిక రిజల్యూషన్‌లో ఎక్కించి భద్రపరచడం. శుభ్రం చేయడం, రంగులు దిద్దడం పదేళ్ల తర్వాతైనా చేయవచ్చు, అప్పటికి పరికరాలు ఇంకా మెరుగవుతాయి, ఖర్చు తగ్గుతుంది. ఫిల్మ్ మాత్రం పదేళ్లు ఆగదు. స్టూడియోకి ఉత్తరం రాసినా, సంతకాల సేకరణ జరిగినా ఈ విషయాన్ని విడిగా, ముందుగా అడగండి. 2022లో ఎంజీఎంని అమెజాన్ కొన్న తర్వాత ఈ సినిమాల భవిష్యత్తు తేల్చేది కూడా ఒక స్ట్రీమింగ్ కంపెనీయే. వాళ్లకు డిస్క్ మీద ఆసక్తి లేకపోయినా మంచి మాస్టర్ మీద ఉండాలి.

ముందే కాపీ తీయడం ఎంత మేలు చేస్తుందో తెలియాలంటే వేన్ మొదటి పెద్ద సినిమా ‘ది బిగ్ ట్రెయిల్’ చూడండి. 1930లోనే రౌల్ వాల్ష్ దాన్ని గ్రాండియర్ అనే 70 ఎంఎం పద్ధతిలో తీశాడు. ఆర్థిక మాంద్యం రోజులు, థియేటర్లు కొత్త ప్రొజెక్టర్లు కొనలేదు, ఆ పద్ధతి అక్కడితో ఆగిపోయింది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ దగ్గరున్న ఆ నెగటివ్ కుంచించుకుపోయి మామూలు మెషీన్లకు పనికిరాకుండా పోయింది. 1980లలో దానికోసం ప్రత్యేకంగా ప్రింటర్ సిద్ధం చేసి 35 ఎంఎం స్కోప్ మీదికి కాపీ చేశారు. ఆ కాపీ వల్లే 2012లో ఫాక్స్ స్టూడియో బ్లూ-రే (హెచ్‌డీ డిస్క్) వచ్చింది. ఆ పని జరిగినప్పుడు బ్లూ-రే అన్న మాటే లేదు. కాపీ తీసినవాళ్లు ఎవరి మెప్పు కోసమూ ఎదురుచూడలేదు. ఎడ్ల బండ్లని కొండ అంచు నుంచి తాళ్లతో దించే దృశ్యాన్ని ఆ వెడల్పులో చూసిన ప్రతిసారీ నేను వాళ్లకు దండం పెట్టుకుంటాను.

‘వన్-ఐడ్ జాక్స్’ (1961) గురించీ తెలుసుకోండి, నిరుత్సాహం తగ్గుతుంది. మార్లన్ బ్రాండో దర్శకత్వం వహించిన ఒకే ఒక్క సినిమా అది, విస్టావిజన్‌లో చార్లెస్ లాంగ్ కెమెరా. కాపీరైట్ గడువు చేజారి అది పబ్లిక్ డొమైన్‌లో, అంటే ఎవరైనా వాడుకునే స్థితిలో, పడింది. ఎవరికి దొరికిన ప్రింట్‌ని వాళ్లు డీవీడీ చేసి అమ్మారు. బొమ్మ కత్తిరించిపోయి, రంగు మట్టి పట్టి, ఎన్నో ఏళ్లు అలాగే నడిచింది. అంతమంది అమ్ముకుంటున్న సినిమా మీద ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? అయినా యూనివర్సల్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి, దర్శకులు స్కోర్సేసీ, స్పీల్‌బర్గ్ సలహాలతో 4కె రిస్టోరేషన్ చేశాయి. 2016లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో చూపించారు, అదే ఏడాది నవంబర్‌లో క్రైటీరియన్ డిస్క్ వచ్చింది. కాలిఫోర్నియా తీరంలో అలల నీలం ఒక కౌబాయ్ సినిమాలో అంత అందంగా ఉంటుందని అప్పటిదాకా డీవీడీలు చూసినవాళ్లెవరికీ తెలియదు.

‘హౌ ద వెస్ట్ వజ్ వన్’ (1962) మూడు కెమెరా నెగటివ్‌లు పక్కపక్కన కలిపే సినెరామా పద్ధతి. మధ్యలో రెండు అతుకు గీతలు తెలిసేవి. డిజిటల్‌గా వాటిని దాదాపు మాయం చేసి 2008లో బ్లూ-రే తెచ్చారు.

మన దగ్గర సంగతి కూడా అడిగారు కాబట్టి రెండు ముక్కలు. ‘షోలే’ని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, సిప్పీ ఫిల్మ్స్ రిస్టోర్ చేసి 2025 జూన్‌లో ఇటలీలోని బొలోన్యాలో ప్రదర్శించాయి. అసలు నెగటివ్ బాగా దెబ్బతింది, 70 ఎంఎం ప్రింట్ ఒక్కటి కూడా మిగల్లేదు. బ్రిటన్‌లోని గోడౌన్‌లో దొరికిన ఫిల్మ్ వల్ల సెన్సార్‌లో మారిపోయిన పాత ముగింపు తిరిగి వచ్చింది. అలమోకి టొరంటో ఎలాగో షోలేకి ఆ గోడౌన్ అలాగ. ఇక తెలుగు కౌబాయ్‌కి మూలపురుషుడైన కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) 2023లో ఆయన జయంతికి 4కెలో థియేటర్లకు వచ్చినప్పుడు జనం చూపించిన ప్రేమ మీకు తెలిసిందే. మనవాళ్ల పాత సినిమాల నెగటివ్‌ల గురించి మాట్లాడితే ఈ జవాబు మరో దారి పడుతుంది, దానికి విడిగా రాస్తాను.

చివరి ప్రశ్న, కొనడం. పొట్టి వెర్షన్ కొనుక్కోండి, ఆగకండి. 167 నిమిషాల రూపం కూడా సరైన వెడల్పులో చూస్తే పెద్ద సినిమాయే. పూర్తి వెర్షన్ మీద ప్రేమ దానివల్ల పెరుగుతుందే గానీ తగ్గదు.

“పూర్తి రూపం, 4కె” అని ఎప్పుడు ఏ ప్రకటన కనిపించినా డబ్బు కట్టేముందు కొన్ని సంగతులు చూసుకోండి. మొదట, దేని నుంచి స్కాన్ చేశారు అన్నది. నెగటివ్ నుంచి కొత్త స్కాన్ అని స్పష్టంగా రాయకుండా “రీమాస్టర్డ్” అని మాత్రమే ఉంటే, పాత మాస్టర్‌నే మెరుగులు దిద్ది ఉండవచ్చు. రెండోది నిడివి. ఐరోపాలో వచ్చిన పాత డీవీడీలు సెకనుకి 25 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. అందువల్ల అదే సినిమా నాలుగు శాతం తక్కువ నిమిషాలు చూపిస్తుంది. 202 నిమిషాల సినిమా అక్కడ 194 అవుతుంది, 167 నిమిషాలది 160 అవుతుంది. అట్ట మీది అంకె చూసి ఇంకా ఏదో కోసేశారని, లేదా కొత్త వెర్షన్ దొరికిందని టెన్షన్ పడినవాళ్లను చాలామందిని చూశాను. మూడోది శబ్దం. ఆస్కార్ తెచ్చిన ఆరు ట్రాకుల మిక్స్ నుంచి చేశారా, లేక స్టీరియోని విడదీసి ఆరు స్పీకర్లకు పంచారా అన్నది చూడండి.

రంగు విషయంలో మాత్రం తొందరపడి నమ్మకండి. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ 2014లో కొత్త 4కె స్కాన్ నుంచి బ్లూ-రేగా వచ్చినప్పుడు బొమ్మంతా పసుపు పులిమినట్టుందని పెద్ద గొడవ జరిగింది. తర్వాతి విడుదలలో రంగులు మళ్లీ దిద్దాల్సి వచ్చింది. స్కాన్ ఎంత మంచిదైనా గ్రేడింగ్‌లో, అంటే రంగులు దిద్దే పనిలో, కూర్చున్న మనిషి కన్ను తప్పితే అంతే. గ్రెయిన్ (ఫిల్మ్‌లో సహజంగా కనిపించే సన్నటి నలుసులు) కూడా అలాగే. ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా కనిపిస్తే గ్రెయిన్ తుడిచేశారని అర్థం, దానితోపాటు చర్మం మీది వివరం కూడా పోయినట్టే. విడుదలైన రెండు వారాల్లో ఫ్రేముల పోలికలు వస్తాయి, అవి చూశాక కొనండి. ముందే బుక్ చేస్తే వచ్చే తగ్గింపు కంటే ఆ రెండు వారాల ఓపిక లాభం.

సెకండ్ హ్యాండ్ లేజర్‌డిస్క్ సంగతి అడిగారు. ప్లేయర్ మీ దగ్గర పనిచేసే స్థితిలో ఉంటే, అమ్మేవాళ్లు డిస్క్ ఆడించి చూపిస్తే తీసుకోండి. ఆ ఇంటర్వెల్ సంగీతంతో సహా పూర్తి రూపాన్ని చట్టబద్ధంగా ఇంట్లో పెట్టుకునే దారి అది. చూపించకపోతే వద్దు. లేజర్‌డిస్కుల్లో లోపలి అల్యూమినియం పొర తుప్పుపట్టే జబ్బు ఉంది, పైకి మెరుస్తున్నా ఆడించినప్పుడు బొమ్మ మీద చుక్కలు రాలుతుంటాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకా జాగ్రత్త.

డిస్క్ అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకుంటానన్నారు. 4కె డిస్కులకు రీజియన్ (ప్రాంతాన్ని బట్టి డిస్క్‌కి వేసే తాళం) గొడవ లేదు, ఏ 4కె ప్లేయర్‌లోనైనా ఆడతాయి. మామూలు బ్లూ-రే అయితే అక్కడిది రీజియన్ ఎ, మన దేశం రీజియన్ సి. కొన్ని కంపెనీలు తమ బ్లూ-రేలకు తాళం వేయవు, కొన్ని తప్పకుండా వేస్తాయి. ఆర్డర్ పెట్టించేముందు ఆ డిస్క్ సమీక్షలో రీజియన్ కోడ్ ఏమిటో చూసి చెప్పమనండి, లేదా అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి.